ఉప్పు చూసే మనిషి

మామిడికాయ ఇంకా చెట్టు మీద ఉండగానే గట్టుపాలెంలో బుల్లెమ్మ కోసం పేచీలు మొదలయ్యేవి. ముందు మా ఇంటికి రావాలంటే మా ఇంటికి రావాలని ఆడవాళ్ళు ఆవిడ అరుగు మీద చేరి వాదించుకునేవాళ్ళు. చల్లపల్లి దాటాక బస్సు దిగి కాలవ గట్టు పట్టుకుని నడిస్తే వచ్చే చిన్న ఊరది. ఆవకాయ పెట్టటం రాని ఆడమనిషి ఆ ఊళ్ళో ఒక్కతీ లేదు. ముక్కలు కొట్టుకోవటం, ఆవాలు దంచుకోవటం, నూనె పోసుకోవటం ఎవరికి వాళ్ళే చేసుకుంటారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి చేతులూ ఆగిపోతాయి. తక్కువైతే జాడీకి బూజు, ఎక్కువైతే ఏడాది పొడుగునా ఇంట్లో మగాడి సణుగుడు. ఈ గొడవంతా ఎందుకని బుల్లెమ్మను పిలుస్తారు.

ఆవిడ వచ్చి బేసిను ముందు పీట వాల్చుకుని కూర్చుంటుంది. చూపుడు వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటుంది. ఆ కాసేపూ ఆ ఇంట్లో ఎవరూ కదలరు. కళ్ళు తెరిచి "ఇంకో గుప్పెడు" అంటే గుప్పెడు, "చాల్లే, జాడీకెత్తు" అంటే ఇక దానికి తిరుగులేదు. మళ్ళీ మూడో రోజు జాడీ తిరగ కలిపేటప్పుడూ ఆవిడే రావాలి, ఆవిడే చూడాలి. ఇందుకు ఆవిడ పుచ్చుకునేది ఏమీ లేదు. గర్వపడుతుంది, అంతే. పడనివ్వండి, ఊరు ఊరంతా మన నాలుక మీద ఆధారపడితే ఎవరు మాత్రం గర్వపడరు?

పుట్టింది మైలవరం వైపు. కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తగారు వెంకటరత్నమ్మ ఉప్పు జాడీ మీద చెయ్యి కూడా వెయ్యనిచ్చేది కాదు. మెట్ట ఊళ్ళ పిల్లకు ఉప్పు సంగతేం తెలుసని నలుగురి ముందూ దెప్పేది. ఓ వేసవిలో ఆ పెద్దావిడ జ్వరంపడి లేచింది. నోరు చేదెక్కి ఏ రుచీ తెలియటం లేదు. బేసిను ముందు కూర్చుని వేలు నాలుక మీద పెట్టుకుని, పెట్టుకుని, చివరికి తల వంచుకుని కోడలితో "నువ్వు చూడవే" అంది. ఆ మాట చెప్పేటప్పుడు బుల్లెమ్మ గొంతు ఇప్పటికీ మారిపోతుంది. పెళ్ళినాటి సంగతులన్నా మర్చిపోయింది గానీ ఆ మాట మర్చిపోలేదు.

భర్త వెంకటప్పయ్య రెండెకరాల రైతు. ఐదేళ్ళ కిందట పొలం గట్టు మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. బీపీ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మనిషి దక్కాడు గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. రోజు మొత్తానికి నాలుగైదు మాటలు మాట్లాడితే గొప్ప. అప్పట్నుంచీ అన్నం బుల్లెమ్మే కలిపి పెడుతుంది. ముందు తను చిటికెడు నోట్లో వేసుకుని ఉప్పు చూసి, తర్వాతే ఆయనకు ముద్ద అందిస్తుంది. ఉయ్యూరు నుంచి కూతురు చిన్ని వచ్చినప్పుడు తను పెడతానన్నా ఆయన నోరు తెరవడు. బుల్లెమ్మ రావాల్సిందే.

నర్సింగు కాలేజీ పిల్లలు ఏటా ఆ ఊరికి వస్తారు. గోడకు బొమ్మల చార్టులు తగిలించి, చేతులు కడుక్కోమని చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోతారు. ఊరివాళ్ళూ తలలూపి మర్నాటికి మర్చిపోతారు. రెండు వేల రెండులో శివరాత్రి వెళ్ళిన కొత్తల్లో వచ్చిన పిల్ల మాత్రం చార్టు తేలేదు, బీపీ మిషను తెచ్చింది. పేరు గుల్షన్. విజయవాడ వన్‌టౌన్‌లో దర్జీ మీరావలి కూతురు, నర్సింగు ఆఖరి సంవత్సరం. సన్నగా, గాలొస్తే ఎగిరిపోయేట్టు ఉంది గానీ, ఇంటింటికీ తిరిగి బీపీ ఉన్నవాళ్ళను ముప్ఫై మందిని పట్టుకుని కూర్చోబెట్టింది.

బుల్లెమ్మకు నూట డెబ్భై ఉంది. ఆ అంకె విని ఆవిడ నవ్వేసింది, ఒంట్లో ఏ బాధా లేదుగా అంది. గుల్షన్ నవ్వలేదు. అరుగు మీద ఉన్న వెంకటప్పయ్య వైపు ఒక్కసారి చూసి, పెద్దాయనకూ పడిపోయేదాకా ఏ బాధా ఉండి ఉండదు పెద్దమ్మా అని మెల్లగా అంది. బుల్లెమ్మ నవ్వు ఆగిపోయింది.

అప్పుడు గుల్షన్ సంగతి చెప్పింది. ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు ఎవరూ మానకూడదు. వాటితోపాటు ఉప్పు తగ్గించాలి. ఎలా తగ్గించాలో తను వారం వారం వచ్చి చెబుతుంది. రెండు నెలల తర్వాత మళ్ళీ బీపీ చూసి, తగ్గిందా లేదా అన్నది ఉన్నదున్నట్టు రాసి కాలేజీలో ఇవ్వాలి. దీన్ని రీసెర్చి అంటారట, ఆఖరి సంవత్సరంలో పిల్లలు ఇది చేసి తీరాలట. ఇష్టమైతేనే చేరండి, మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు అని కూడా చెప్పింది.

బుల్లెమ్మకు ఆ చివరి మాట చిర్రెత్తించింది. "మధ్యలో మానేసే మనిషిలాగా కనబడతన్నానా అమ్మాయ్ నీ కంటికి?" అని సంతకం పెట్టేసింది.

మిగతా సంగతంతా ఆవిడ తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఊళ్ళోవాళ్ళ బీపీలు తగ్గితే పిల్ల పాసు, తగ్గకపోతే ఫెయిలు. అంటే ఆ పిల్ల పరీక్ష తమ ఒంట్లో ఉంది. ఆ సాయంత్రానికే ఊరంతా ఈ వార్త పాకింది, పాకించింది ఎవరో చెప్పక్కర్లేదు. ఇక చూడండి బుల్లెమ్మ అజమాయిషీ! ఎండుచేపలు కాలుస్తున్న వాసన ఏ దొడ్లోంచి వచ్చినా ఆవిడ ఆ దొడ్లో ప్రత్యక్షం. పక్కింటి ఆదెమ్మ కూడా ఆ ముప్ఫై మందిలో ఒకతి, బుల్లెమ్మకు మొదట్నుంచీ ఎదురే. ఆవిడ కంచం పక్కన పెట్టుకునే ఉప్పు గిన్నెను బుల్లెమ్మ వెళ్ళి ఎత్తుకొచ్చేసింది. ఆదెమ్మ ఒంటికాలి మీద లేచింది. పరాయి పిల్ల బతుకు పాడు చేస్తావా అని బుల్లెమ్మ అడిగేసరికి గొణుక్కుంటూ ఊరుకుంది.

ఇంట్లో మరీ ఘోరం. పచ్చళ్ళ జాడీలు అటకెక్కాయి. పప్పులో ఉప్పు సగం, చారులో అంతకన్నా సగం, మజ్జిగలో అసలే లేదు. మొదటి రోజు వెంకటప్పయ్య ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత కష్టపడి "చప్ప" అన్నాడు. అవును, చప్పే, నాకు మాత్రం తియ్యగా ఉందా అని బుల్లెమ్మ కసిరింది. మర్నాడు ఆయన ఆ మాట కూడా అనలేదు. ఆవిడ మొహం చూసుకుంటూ తిన్నాడు. నలభై ఏళ్ళు ఊరికి ఉప్పు చూసిన మనిషి తన కంచంలో ఉప్పు లేకుండా తింటుంటే ఆ ముసలాయనకే జాలేసింది.

శనివారం శనివారం గుల్షన్ వచ్చేది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు ఆగి ఆగి, తల నిండా దుమ్ముతో దిగేది. బుల్లెమ్మ ముందు ఫ్యాను కిందికి లాగి కూర్చోబెట్టి ఉప్పు లేని మజ్జిగ ఇచ్చేది. ఇద్దరూ గుటక వేసి మొహాలు ముడిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. తాగాక గుల్షన్ ప్రశ్నలు మొదలెట్టేది. పచ్చడి వేసుకున్నారా? అప్పడాలు? ఊరమిరపకాయలు? పెళ్ళి భోజనాలకు వెళ్ళారా? అన్నింటికీ బుల్లెమ్మ లేదు, లేదు, లేదు అని తలెత్తి జవాబు చెప్పేది. అబద్ధం ఒక్కటీ లేదు. చదువుకునే పిల్ల, ఇంత దూరం ఎండన పడి వస్తోంది, దానికి అబద్ధం చెప్పే నోరు నోరేనా అని ఆవిడ ఉద్దేశం. తనకు తెలియకుండానే ఆ పిల్ల మీద ప్రాణం పెట్టేసుకుంది.

ఏప్రిల్ చివరికొచ్చేసరికి కాయ దిగింది. ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ కత్తిపీటల చప్పుడు. బుల్లెమ్మ పొద్దున్నే వెంకటప్పయ్యకు పెట్టాల్సింది పెట్టేసి బయల్దేరేది. ఒకింట్లో ఆవకాయ, ఒకింట్లో మాగాయ, ఇంకోచోట తొక్కుపచ్చడి. ఇంటికి రెండు జాడీలో మూడు జాడీలో. కలిపినప్పుడోసారి, ఉప్పు వేశాక ఓసారి, అనుమానం ఉంటే ఇంకోసారి. నిన్నమొన్న పెట్టినవాళ్ళు తిరగ కలుపుతుంటే దారిలో ఆపి చూపించుకునేవాళ్ళు. పచ్చడి జాడీకెత్తాక బేసినుకు అంటుకున్న దాంట్లో వేడన్నం, నెయ్యి కలిపి తలా ఒక ముద్ద పెట్టటం ఆ ఊళ్ళో ఆనవాయితీ. నేతి వాసన ముక్కుకు కొడుతుంటే ఆ ముద్దను బుల్లెమ్మ ఒక్క ఇంట్లోనూ ముట్టలేదు. నాకు వద్దమ్మా, పిల్ల పరీక్ష ఉంది అని లేచొచ్చేసేది. ఆ నిష్ఠ చూసి కోడళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

మే నెల మధ్యలో, మళ్ళీ బీపీ చూసే ఆ ఆఖరి శనివారం రానే వచ్చింది. గుల్షన్‌తోపాటు ఆమె ప్రాజెక్టు చూసే టీచరు శౌరమ్మ మేడం కూడా వచ్చింది. బుల్లెమ్మ అరుగు మీదే అందరికీ బీపీలు చూశారు. ఒక్కొక్కరికీ తగ్గుతోంది. ఒకరికి పది, ఒకరికి ఇరవై. తగ్గిన ప్రతివాళ్ళనూ బుల్లెమ్మ తన సొంత బిడ్డ పాసైనట్టు వీపు తట్టి పంపించింది. మహాతల్లి ఆదెమ్మకు కూడా దిగివచ్చింది. అందరూ అయ్యాక, పెళ్ళికూతురిలా ఆఖర్న బుల్లెమ్మ కూర్చుని చెయ్యి చాపింది.

గుల్షన్ గాలి కొట్టి వదిలింది. మళ్ళీ కొట్టింది. రెండో చేతికి మార్చింది. కాసేపు కూర్చోండి పెద్దమ్మా అని నీళ్ళిచ్చి, ఆగి, మళ్ళీ చూసింది. నూట తొంభై.

రాత్రిళ్ళు అటకెక్కి జాడీలు నాకుతోందేమో అని ఆదెమ్మ నెమ్మదిగా, అందరికీ వినపడేంత నెమ్మదిగా అంది. బుల్లెమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంకో రోజైతే ఆదెమ్మ జుట్టు ఆవిడ చేతిలో ఉండేది. ఆ రోజు మాత్రం ఆవిడ వైపే చూడలేదు. గుల్షన్ చెయ్యి పట్టుకుని మా ఆయన మీద ఒట్టు, నేనేమీ తినలేదే అమ్మాయ్ అని మాత్రం అంది. గుల్షన్ మీ మాట నేను నమ్ముతాను పెద్దమ్మా అంది. నమ్ముతాననటంతో బుల్లెమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

శౌరమ్మ మేడం ముందు ఆసుపత్రికి చీటీ రాసింది. మాత్ర మార్పించుకోవాలి, అశ్రద్ధ చేస్తే మీ ఇంటాయనకు జరిగిందే జరుగుతుందని గట్టిగా చెప్పింది. తర్వాత గుల్షన్‌ను వేపచెట్టు కిందికి తీసుకెళ్ళి మాట్లాడింది. బుల్లెమ్మ నీళ్ళ తొట్టి చాటున గిన్నె కడుగుతున్నట్టు నిలబడి అంతా వింది.

ఇరవై తొమ్మిది మందికి తగ్గి ఒక్కావిడకు ఇంత పెరిగితే ఆవిడ చెప్పినట్టు చెయ్యలేదనే కదా అర్థం, అలా రాసి ఆమెను తీసేయొచ్చు కదా అంటోంది మేడం. ఆవిడ అన్నీ పాటించింది మేడం అంటోంది గుల్షన్. మరి ఎందుకు పెరిగింది? తెలియదు మేడం. తెలియదని రాస్తే పరీక్షకు వచ్చేవాళ్ళు ఊరుకుంటారా? గుల్షన్ తల వంచుకుంది. తెలుసుకోకుండా ఆమెను తీసేయలేను, ఒక్క రోజు ఉండనివ్వండి మేడం అంది. మేడం సరేనని, సోమవారానికల్లా నాకేదో ఒకటి చెప్పాలి అని బస్సుకు వెళ్ళిపోయింది.

గుల్షన్ లోపలికి రాగానే బుల్లెమ్మ తను ఆలోచించి పెట్టుకున్న ఉపాయం చెప్పింది. "నా అంకె కొట్టేసి ఆదెమ్మది రెండుసార్లు రాసుకో అమ్మాయ్. నేనేం అనుకోనులే."

ఆదెమ్మకు రెండో మార్కు వెయ్యమనటానికి బుల్లెమ్మకు ఎంత మనసు చంపుకోవాల్సి వచ్చిందో గుల్షన్‌కు తెలియకపోలేదు. ఆ పిల్ల నవ్వింది. అలా రాయకూడదు పెద్దమ్మా, రేపంతా మీ వెంట తిరగనివ్వండి చాలు అంది.

మర్నాడు ఆదివారం. గుల్షన్ నీడలా వెంటపడింది. పొద్దున చల్దన్నం చూసింది, మాత్ర మింగటం చూసింది, చప్పటి పప్పు తను కూడా తిని చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తర్వాత ఆదెమ్మ ఇంట్లో ఆవకాయకు పిలుపొచ్చింది. పేచీలు పేచీలే, ఉప్పు ఉప్పే. నిన్న అన్ని మాటలన్న ఆదెమ్మే పీట వాల్చింది. బుల్లెమ్మ మూతి బిగించుకుని కూర్చుని, వేలితో తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి గుల్షన్ తనవైపు అదోరకంగా చూస్తోంది. ఇలా రోజుకు ఎన్ని ఇళ్ళకు వెళ్తారని అడిగింది. కాయల రోజుల్లో లెక్కేముందే, ఊరంతా తిరగాలి అంది బుల్లెమ్మ. గుల్షన్ ఆదెమ్మ దగ్గర ఒక స్టీలు గిన్నె తీసుకుంది. మీరు నోట్లో వేసుకున్నప్పుడల్లా అంతే తీసి ఇందులోనూ వెయ్యండి పెద్దమ్మా అంది. చదువుకునే పిల్లల సరదా కాబోలనుకుని బుల్లెమ్మ సరేనంది.

ఆదెమ్మ ఇల్లయ్యాక ఇంకో ఇల్లు, ఆ తర్వాత ఇంకోటి. మధ్యాహ్నం వెంకటప్పయ్యకు అన్నం పెట్టొచ్చి మళ్ళీ తిరుగుడు. దారిలో ఆపినవాళ్ళ జాడీలూ చూసింది. పొద్దు వాలేసరికి ఇద్దరూ బుల్లెమ్మ అరుగు మీదికి చేరారు. గుల్షన్ లోపల్నుంచి ఉప్పు డబ్బా తెచ్చి, మనిషికి రోజు మొత్తానికి ఇంతే చాలని వారం వారం చెబుతూ వచ్చిన ఒక్క చెంచా ఉప్పును ఒక ఆకులో పోసింది. దాని పక్కన గిన్నె పెట్టింది. గిన్నెలో ఎర్రగా ఒక గుట్ట. అందులో కారం ఉంది, ఆవపిండి ఉంది, నిజమే. ఉప్పూ వాటికి తీసిపోదని బుల్లెమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎవరు తిన్నారన్నట్టు ఆవిడ గిన్నె వంక చూసింది.

"ఇది తినటం కాదుగా అమ్మాయ్," అంది, "చూడటం."

గుల్షన్ గిన్నెను ఆవిడ ముందుకు జరిపింది. బుల్లెమ్మకు అర్థమైంది. అర్థమయ్యేసరికి ముందు సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. ఇన్ని ప్రశ్నలు అడిగావు గదా, ఇదొక్కటి అడగలేకపోయావా అని దులిపేసింది. తప్పు నాదే పెద్దమ్మా, తిన్నారా అనే అడిగాను, చూశారా అని అడగాలని నాకు తట్టలేదు అని గుల్షన్ ఒప్పుకుంది. ఆ మాటతో బుల్లెమ్మ కోపం దిగిపోయి, అడుగున ఉన్న భయం బయటపడింది.

అయితే ఇప్పుడు నన్ను మానేయమంటావా అని అడిగింది. మానేస్తే నేనెవర్ని అంది. మానకపోతే నేనూ గట్టు మీద పడిపోతాను, నేను పడిపోతే ఆ మనిషికి ముద్ద పెట్టేదెవరు, చిన్ని పెడితే నోరు కూడా తెరవడు, ఆకలితో పోతాడు అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నూట తొంభై అన్నప్పట్నుంచీ ఆవిడ లోపల దాచుకున్నది ఇదే. లోపల మంచం మీద వెంకటప్పయ్య కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

గుల్షన్ దగ్గరికి జరిగి కూర్చుంది. మానేయమని అనలేదు. వాళ్ళమ్మ మెహబూబ్ బీ సంగతి చెప్పింది. రంజాన్ నెలలో తెల్లారకముందు నుంచి పొద్దు గూకేదాకా అమ్మ మంచినీళ్ళు కూడా ముట్టదు. అయినా ఉపవాసం విడిచేవేళకు ఇంటిల్లిపాదికీ వండాలి, ఉప్పు కుదరాలి. అందుకని కూర కాస్త నాలుక చివర పెట్టుకుని, రుచి తెలియగానే ఉమ్మేసి నోరు పుక్కిలిస్తుంది. గుటక వెయ్యదు. అలా చేస్తే రోజా ఉపవాసం చెడదు. చిన్నప్పట్నుంచీ పొయ్యి దగ్గర కూర్చుని చూసింది కాబట్టే, ఇవాళ బుల్లెమ్మ గొంతు కదలటం గుల్షన్ కంట్లో పడింది.

బుల్లెమ్మ శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపింది. "మీ అమ్మ ఉమ్మేది సొంతింట్లో కూర. ఒకళ్ళింటి పచ్చడి వాళ్ళ ముందే ఉమ్మేస్తే మళ్ళీ ఆ గడప తొక్కనిస్తారా?"

గుల్షన్ బలవంతపెట్టలేదు. రెండు నెలలాగి వచ్చి మళ్ళీ బీపీ చూస్తానని చెప్పి, ఆ గిన్నెకు మూత పెట్టి సంచిలో వేసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. బుల్లెమ్మకు ఆ మాట మరోలా వినబడింది. పిల్ల పరీక్ష ఇంకా అయిపోలేదు, తనకోసం రెండు నెలలు గడువు తెచ్చుకుంది అనుకుంది.

మంగళవారం ఆదెమ్మ ఇంట్లో తిరగ కలపటానికి వెళ్ళాలి. ఒంట్లో బాగాలేదని కబురు పంపుదామా అని పొద్దున్నంతా ఆలోచించింది. చివరికి చీర కుచ్చెళ్ళు దోపుకుని వెళ్ళి పీట మీద కూర్చుంది. ఆదెమ్మ, ఇద్దరు కోడళ్ళు చుట్టూ నిలబడ్డారు. బుల్లెమ్మ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి దొడ్లోకి నడిచి, గోడవారన ఉమ్మేసి, చెంబులో నీళ్ళతో నోరు పుక్కిలించింది.

వెనక్కి తిరిగేసరికి ఆదెమ్మ మొహం జేవురించి ఉంది. కోడళ్ళు భయంతో గోడకు అంటుకుపోయారు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని తిట్టుకున్నా ఇలాంటి అవమానం ఇద్దరి మధ్యా జరగలేదు.

"నా పచ్చడి ఉమ్మేశావా?" అంది ఆదెమ్మ.

"నీ పచ్చడిని కాదే ఆదెమ్మా, ఉప్పుని. ఆ పిల్ల పరీక్ష ఇంకా నా ఒంట్లోనే ఉంది. ఇట్టా చూస్తే తప్ప తగ్గదంట. వద్దంటే వెళ్ళిపోతా."

మొన్నీమధ్య ఆదెమ్మ ఉప్పు గిన్నె ఎత్తుకెళ్ళిన మనిషి గుమ్మంలో తల వంచుకుని నిలబడి ఉంది. ఆ తల అలా వంగటం ఆదెమ్మ ఎప్పుడూ చూడలేదు. చూడటం ఇష్టం కూడా లేకపోయింది.

"ఉప్పెట్టా ఉంది?" అంది చివరికి.

"చిటికెడు తక్కువ."

ఆదెమ్మ చిటికెడు వేసి కలిపింది. కోడలి చేత చెంబు నిండా నీళ్ళూ, పాత సత్తు గిన్నే తెప్పించి పీట పక్కన పెట్టించింది. మాటిమాటికీ దొడ్లోకి ఎక్కడ పోతావు, ఇందులో ఉమ్మి మళ్ళీ చూడు అంది. బుల్లెమ్మ మళ్ళీ చూసింది. ఆ సాయంత్రం ఊరంతా తిరిగి ఈ సంగతి చెప్పింది కూడా ఆదెమ్మే. ఆ మర్నాటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా పీట పక్కన ముందే ఒక చెంబూ, ఒక గిన్నే సిద్ధంగా ఉండేవి.

వానలు పడి నాట్లు పూర్తయ్యాక ఓ మధ్యాహ్నం గుల్షన్ వచ్చింది. ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. బుల్లెమ్మ వెంకటప్పయ్య కోసం పప్పు ఎనుపుతూ, అదలా పక్కన పెట్టి పరుగున వచ్చి చెయ్యి చాపింది. నూట నలభై. బుల్లెమ్మకు ప్రాణం లేచొచ్చింది. రాసుకో, రాసుకో, మళ్ళీ ఎక్కకముందే రాసుకో అని తొందరపెట్టింది.

గుల్షన్ ఆవిడ చెయ్యి వదల్లేదు. నా పరీక్ష జూన్‌లోనే అయిపోయింది పెద్దమ్మా, పాసయ్యాను అంది. నూట తొంభై నూట తొంభైగానే రాసిందట. ఉప్పు గిన్నె సంగతంతా కింద రాసిందట. పరీక్ష చెయ్యటానికి వచ్చినవాళ్ళు మిగతా ఇరవై తొమ్మిది మందినీ వదిలేసి బుల్లెమ్మ గురించే అడిగారట. ఇప్పుడు ఆసుపత్రిలో బీపీతో ఎవరొచ్చినా, మీ ఇంట్లో ఉప్పు చూసేది ఎవరని ముందు అదే అడుగుతోందట.

బుల్లెమ్మకు ఇవేవీ సరిగ్గా చెవికెక్కలేదు. ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది. జూన్‌లోనే అయిపోయిందా? అయితే ఆ చెంబులు, ఆ ఉమ్మటాలు, ఆదెమ్మ ముందు ఆ తల వంచుకోవటం?

"మరి ఇన్నాళ్ళూ నేను ఎవరి కోసం ఉమ్మినట్టే?" అంది.

గుల్షన్ నోరు తెరవబోయింది. అరుగు మీద నుంచి, మాట కూడదీసుకుంటూ, వెంకటప్పయ్య అన్నాడు.

"నా... కోసం."

అంటే ఆ రోజు మంచం మీద ఆ మనిషి నిద్రపోలేదు. బుల్లెమ్మ గుల్షన్‌తోపాటు వీధిలోకి నడిచింది. ఆ పిల్ల సందు చివర మలుపు తిరిగేదాకా నిలబడి పంపించింది. తిరిగొచ్చి కంచం ముందేసుకుని పప్పన్నం కలిపింది. చిటికెడు తన నోట్లో వేసుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా ముద్ద ఆయన నోటికి అందించింది. అందించాక గుర్తొచ్చింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. బతుకులో ఇంకొకళ్ళను ఆ మాట అడగటం అదే మొదలు.

ఆయన నెమ్మదిగా నమిలి మింగాడు. ఆవిడ మొహం వంక చూశాడు. "సరి... సరిపోయింది," అన్నాడు. కంచంలో మెతుకు మిగలకుండా తిన్నాడు.

ఆయన మూతి తుడిచి, మంచం మీద పడుకోబెట్టి, అప్పుడు బుల్లెమ్మ తన కంచం పెట్టుకుంది. అదే పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అందులో ఉప్పన్నది ఒక్క రాయి కూడా పడలేదు. గుల్షన్ వచ్చిన హడావుడిలో అసలు వెయ్యటమే మర్చిపోయింది. తలెత్తి మంచం వైపు చూసింది. వెంకటప్పయ్య ఇంటి కప్పు వంక చూస్తూ, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉన్నాడు.